డాంగుల్ కనెక్ట్ అయినా పేజీలు తెరుచుకోకపోతే

ఒడిశాలోని పర్లాకిమిడిలో లినక్స్ కంప్యూటర్‌కి డాంగుల్ (సిమ్ వేసే యూఎస్‌బీ మోడెమ్) పెడితే *99# డయలవుతోంది, పీపీపీ0కి (డయల్ చేస్తే ఏర్పడే నెట్ కనెక్షన్‌కి) ఐపీ అడ్రస్ కూడా వస్తోంది, కానీ ఒక్క పేజీ తెరుచుకోవట్లేదని ఒకరు అడిగారు.

ఐపీ వచ్చిందంటే మోడెమ్, సిమ్, ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి పెట్టే పేరు) చాలావరకు బాగున్నట్టే; ముందే వాటిని కదపకండి. తప్పు దాదాపుగా దారిలోనే, అంటే డేటా ఎటు వెళ్లాలో చెప్పే రూట్‌లోనే ఉంటుంది. టెర్మినల్‌లో ‘ఐపీ రూట్’ కొట్టండి. మొదటి వరుసలో ‘డిఫాల్ట్ వయా 192.168.1.1’ లాంటిది కనిపిస్తే, పాత లాన్ దారి ఇంకా పట్టుకుని ఉందన్నమాట. అది ఉండగా పీపీపీడీ (డాంగుల్ కనెక్షన్ నడిపే ప్రోగ్రామ్) కొత్త డిఫాల్ట్ దారి వేయదు. లాన్ కేబుల్ తీసి మళ్లీ డయల్ చేయండి. కేబుల్ తీయడం కుదరదంటే పీపీపీ ఆప్షన్లలో ‘డిఫాల్ట్‌రూట్’తో పాటు ‘రీప్లేస్‌డిఫాల్ట్‌రూట్’ కూడా రాయండి.

ఆ తర్వాత 8.8.8.8కి (గూగుల్ సర్వర్ అడ్రస్) పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్తూ, సైటు పేరుతో మాత్రం వెళ్లకపోతే లోపం సైటు పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్‌ది. అవే పీపీపీ ఆప్షన్లలో ‘యూజ్‌పీర్‌డీఎన్ఎస్’ చేర్చండి.

సరిహద్దు ఊళ్లవాళ్లకి ఇంకో మాట. పక్కనే ఆంధ్రలోని పాతపట్నం ఉంది కాబట్టి ఒడిశా సిమ్ ఒక్కోసారి ఆంధ్ర టవర్‌ని పట్టుకుంటుంది. నెట్‌వర్క్ మేనేజర్‌తో (లినక్స్‌లో నెట్ కలిపే ప్రోగ్రామ్) కలిపేవాళ్లు రోమింగ్ అనుమతికి టిక్ పెట్టుకోవాలి, లేదంటే ఆ పూట అసలు డయలే కాదు.