క్యాపో పెట్టగానే శ్రుతి పోతోందా? ముందు ట్యూనర్ యాప్‌లో మోడ్ చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు గిటార్ ట్యూనర్ల మీదే ఉన్నాయి, అందులో మొదటిది చాలామందికి పనికొచ్చేది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నా. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: గిటార్ మెడ మీద అడ్డ కడ్డీలతో విడదీసిన గడులు ఫ్రెట్లు, ఏదో ఒక ఫ్రెట్‌లో తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు క్యాపో.

ప్రశ్న: ఫోన్‌లో ట్యూనర్ యాప్ వాడి ఆరు తీగలూ పచ్చ రంగు వచ్చేదాకా శ్రుతి చేసుకుంటాను. క్యాపో మూడో ఫ్రెట్‌లో పెట్టగానే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) అన్నీ తేడాగా వినిపిస్తున్నాయి. మళ్ళీ యాప్ తెరిస్తే దాదాపు అన్ని తీగలూ ఇంకా బిగించమంటోంది. కాస్త బిగించాక రెండో తీగ తెగిపోతుందేమో అని భయమేసి ఆపేశాను. యాప్ పాడైందా, క్యాపో మార్చాలా?

జవాబు: ఆపేసి మంచి పని చేశారు. యాప్ పాడవలేదు, మీరు దాన్ని గిటార్ మోడ్‌లో ఉంచారు, గొడవంతా అక్కడే. ఆ మోడ్‌లో యాప్‌కి తెలిసింది ఆరే స్వరాలు, అన్నిటికంటే లావైన ఆరో తీగ నుంచి చూస్తే ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఏ తీగ మీటినా ఈ ఆరింటిలో దేనికి దగ్గరగా ఉందో చూసి దాని వైపు లాగమంటుంది. క్యాపో మూడో ఫ్రెట్‌లో ఉంటే ఆరో తీగ పలికేది ఇ కాదు, జి. అంటే 82.4 హెర్ట్జ్ దగ్గర పలకాల్సింది 98 దగ్గర పలుకుతుంది. జి నుంచి కిందున్న ఇ కి మూడు సెమిటోన్ల (ఒక్కో ఫ్రెట్‌కి ఒక సెమిటోన్) దూరం, పైనున్న ఎ కి రెండే, అందుకని యాప్ ఇది ఐదో తీగేమో అనుకుని ఎ దాకా బిగించమంటుంది. ఐదు, నాలుగు, మూడు, రెండు తీగలకీ ఇదే కథ, ఒక్క మొదటి తీగని మాత్రం వదులు చేయమంటుంది. అదే క్యాపో రెండో ఫ్రెట్‌లో పెట్టి చూస్తే ఎక్కువ తీగల్ని వదులు చేయమంటుంది, ఎందుకంటే అక్కడ నుంచి కింది స్వరమే దగ్గర. రెండు సందర్భాల్లోనూ అది చెప్పినట్టు వింటే గిటార్ మొత్తం చెడిపోయినట్టు అవుతుంది.

సెట్టింగ్స్‌లోనో, పైన మెనూలోనో క్రోమాటిక్ అని ఇంకో మోడ్ ఉంటుంది, అది పెట్టండి. అందులో పన్నెండు స్వరాలూ చూపిస్తుంది. మూడో ఫ్రెట్ క్యాపోతో ఆరో తీగ నుంచి వరుసగా జి, సి, ఎఫ్, ఎ షార్ప్, డి, జి రావాలి, కొన్ని యాప్‌లలో ఎ షార్ప్‌ని బి ఫ్లాట్ అని చూపిస్తారు, రెండూ ఒకటే. క్యాపో ఎన్నో ఫ్రెట్‌లో ఉంటే అన్నే సెమిటోన్లు పైకి జరపడమే లెక్క, వేరే పట్టిక ఏమీ కంఠతా పెట్టక్కర్లేదు.

ఇక మోడ్ మార్చినా నాలుగైదు సెంట్లు పైకే చూపిస్తోంది అంటారు, అది నిజంగా క్యాపో వల్లే. ఒక సెమిటోన్‌ని వంద భాగాలు చేస్తే ఒక్కోటి ఒక సెంట్. క్యాపో తీగని నొక్కుతున్నప్పుడు తీగ కొంచెం సాగుతుంది, సాగితే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే శ్రుతి పైకి పోతుంది. అన్ని తీగలూ ఒకేలా పైకి పోతే ఒక్కరే వాయించేటప్పుడు పెద్దగా తెలీదు, కానీ అలా పోవు, తీగ మందం, లోపలి కోర్, నొక్కుడు అన్నీ వేరు కాబట్టి ఒక తీగ రెండు సెంట్లు, ఇంకో తీగ ఎనిమిది సెంట్లు ఇలా పెరుగుతాయి, కార్డ్ మీటినప్పుడు చెవికి అడ్డుపడేది ఆ తేడానే.

అందుకని శ్రుతి సరిచేసే ముందు క్యాపోని సరిచేయాలి. దాన్ని ఫ్రెట్ కడ్డీకి వెనక, అంటే తలవైపు, కడ్డీని దాదాపు ఆనుకునేలా, కడ్డీకి సమాంతరంగా పెట్టండి. రెండు కడ్డీల మధ్యలో పెడితే తీగ బాగా కిందికి వంగుతుంది, అంటే ఎక్కువ సాగుతుంది. బిగించేటప్పుడు తీగల్ని పక్కకి లాగకుండా చూసుకోవాలి, పక్కకి జరిగిన తీగ బెండ్ చేసినట్టే, శ్రుతి పైకి పోతుంది. మరతో బిగించే రకం అయితే తీగలు గరగరమనడం ఆగేంత వరకే తిప్పండి, ఇంకో చుట్టు జాగ్రత్త కోసం తిప్పడం చాలామంది చేసే పనే కానీ దాని వల్ల శ్రుతి పోవడం తప్ప లాభం లేదు. స్ప్రింగ్ రకంలో పట్టు మీ చేతిలో ఉండదు, అది గట్టిగా నొక్కుతుంటే మరతో బిగించే రకం తీసుకోవడం మంచిది, నా ఓటు దానికే. ఫింగర్‌బోర్డ్ వంపుగా ఉంటే రబ్బర్ కూడా అదే వంపుతో ఉండాలి, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి చదునుది కావాలి, లేకపోతే మధ్య తీగల మీద ఒక నొక్కుడు, అంచు తీగల మీద ఇంకో నొక్కుడు పడుతుంది.

వాడే వరుస కూడా చెప్తా. ముందు క్యాపో లేకుండా శ్రుతి చేసుకోండి, తర్వాత క్యాపో పెట్టి రెండు మూడు సార్లు గట్టిగా స్ట్రమ్ చేయండి, అప్పుడు క్రోమాటిక్‌లో చూసి పైకి పోయిన తీగని మాత్రం తగ్గించండి. తగ్గించేటప్పుడు కొంచెం ఎక్కువే తగ్గించి కింద నుంచి పైకి తెచ్చి ఆపాలి, లేకపోతే తీగ బిగించే కీ దగ్గర వదులు ఉండిపోయి వాయిస్తుంటే మళ్ళీ జారుతుంది. ఇంకో సంగతి, క్యాపో కింద తీగ ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కీ తిప్పినా ఆ మార్పు క్యాపో దాటి ఇవతలికి వెంటనే రాదు, మీరు ఇంకా తిప్పుతారు, ఒక్కసారిగా జర్రున మారిపోతుంది. తిప్పాక తీగని వేలితో కొంచెం పైకి లాగి వదలండి, లేదా క్యాపో వదులు చేసి తిప్పి మళ్ళీ బిగించండి. క్యాపో తీశాక కూడా శ్రుతి పైనే ఉండిపోతుంటే నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాళ్ళల్లో తీగ పట్టుకుంటోందని అర్థం, పెన్సిల్ ముల్లు ఆ గాళ్ళల్లో రుద్దితే గ్రాఫైట్ వల్ల తీగ నునుపుగా జరుగుతుంది.

చెవితో ఒకే కార్డ్ తియ్యగా వచ్చేదాకా తీగలు సవరించడం మాత్రం వద్దు. ఫ్రెట్ల మీద మేజర్ థర్డ్ (కార్డ్ మూల స్వరానికి నాలుగు సెమిటోన్లు పైనున్న స్వరం) సహజ స్వరం కంటే 14 సెంట్లు దాకా పైనే ఉంటుంది, అది పన్నెండు స్వరాల్నీ సమాన దూరంలో పెట్టే ఈక్వల్ టెంపరమెంట్‌లో ఉన్న లెక్కే, జి కార్డ్‌కి దాన్ని సరిచేస్తే ఇ కార్డ్ చెడుతుంది.

ప్రశ్న: యాప్ అన్నీ కరెక్ట్ అంటోంది కానీ నెట్‌లో పాటతో కలిపి వాయిస్తే కలవట్లేదు. క్యాపో సరైన ఫ్రెట్‌లోనే ఉంది.

జవాబు: సెట్టింగ్స్‌లో రిఫరెన్స్ పిచ్ లేదా ఎ4 అని ఉంటుంది, మిగతా స్వరాలన్నిటినీ యాప్ దాన్ని బట్టే లెక్కిస్తుంది, అది 440 హెర్ట్జ్ ఉందో లేదో చూడండి. పొరపాటున 432 అయితే మీ గిటార్ మొత్తం దాదాపు 32 సెంట్లు కిందుంటుంది, తనలో తాను బాగానే వినిపిస్తుంది, పాటతో మాత్రం కలవదు. అది 440 దగ్గరే ఉంటే పాట రికార్డింగే కొంచెం పైనో కిందో ఉండొచ్చు, పాత టేపుల నుంచి ఎక్కించిన పాటల్లో టేప్ వేగం వల్ల ఇలా జరుగుతుంది. అప్పుడు పాటలో లాగి పట్టిన ఒక స్వరాన్ని ట్యూనర్‌కి వినిపించి ఎన్ని సెంట్ల తేడా ఉందో చూసి ఎ4 విలువని ఆ మేరకు మార్చి శ్రుతి చేసుకోండి, పని అయ్యాక 440 కి తిరిగి పెట్టడం మర్చిపోవద్దు. వీడియో స్పీడ్ తగ్గించడం వల్ల యూట్యూబ్‌లో శ్రుతి మారదు, కాబట్టి అనుమానం దాని మీద పెట్టుకోకండి.

ప్రశ్న: ఆరో తీగ మీటితే యాప్‌లో ముల్లు ఊగుతూనే ఉంటుంది. క్లిప్ ట్యూనర్ కొనాలా?

జవాబు: ఫోన్ మైకులు మాటల కోసం చేసినవి, 82 హెర్ట్జ్ అంత లోతు స్వరాన్ని సరిగ్గా పట్టవు, పైగా నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ మధ్యలో దూరుతుంది. పిక్‌తో కాకుండా బొటనవేలి కండతో పన్నెండో ఫ్రెట్ దగ్గర మెల్లగా మీటండి, మిగతా తీగల్ని చేత్తో ఆపండి, గట్టిగా మీటిన తీగ మొదట కాస్త పైన పలికి తర్వాత దిగుతుంది కాబట్టి ఒక క్షణం ఆగి చదవండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కనెక్ట్ అయి ఉంటే తీసేయండి, యాప్ ఆ మైకు వింటుండొచ్చు. నలుగురితో కలిసి వాయించేవాళ్ళయితే మాత్రం క్లిప్పే కొనండి, అది గాలిలో శబ్దాన్ని కాకుండా చెక్క కంపనాన్ని చదువుతుంది కాబట్టి పక్కన డ్రమ్స్ మోగుతున్నా పనిచేస్తుంది, కొనేటప్పుడు క్రోమాటిక్ మోడ్ ఉందని చూసుకోండి. యాప్‌తోనే కానిచ్చేస్తానంటే దానికి మైక్ అనుమతి ఒక్కటి చాలు, కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే ఇవ్వకండి.