పెద్ద బడికి పోయే పిల్లల కోసం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాప ఊరి ప్రైమరీ బడిలో ఐదో తరగతి పూర్తిచేసింది. జూన్ నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని జెడ్పీ హైస్కూల్‌కు పోవాలె. క్లాసులో ముందుండే పిల్ల, ఇప్పుడు ఆరో తరగతి అంటేనే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటున్నది. ఈ ఎండాకాలంలో మేం ఏం చేయాలె?
– ఒక తల్లి, మునుగోడు మండలం

జవాబు: ముందు కాగితాల పని తెంపుకోండి. ప్రైమరీ బడి వాళ్లు ఇచ్చే రికార్డు షీట్‌లో పాప పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. హైస్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎక్కిన పేరే రేపు పదో తరగతి మెమో మీదికి వస్తుంది. ఇప్పుడైతే తప్పును హెడ్మాస్టర్ దగ్గరే దిద్దించుకోవచ్చు, మెమో వచ్చినంక ఏండ్లు తిరగాలె. పెన్ నంబర్ (ప్రతి విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) కూడా రాయించుకోండి. ఆ నంబర్‌తోనే కొత్త బడి వాళ్లు పాప వివరాలను ఆన్‌లైన్‌లో తమవైపు మార్చుకుంటారు.

ఇక చదువు. హిందీ ఆరులోనే మొదలవుతుంది. ప్రైవేటు బడి నుంచి వచ్చినవాళ్లకు అప్పటికే అక్షరాలు వచ్చి ఉంటాయి గనుక, మొదటి వారంలోనే మీ పాపకు తను వెనకబడ్డాననిపిస్తుంది. మే నెలలో రోజుకు ఐదు అక్షరాల చొప్పున దిద్దిస్తే జూన్‌కల్లా చదవగలుగుతుంది. మన పిల్లలు తడబడేది రెండు జంటల దగ్గర: ఘ–ధ, మ–భ. పైగీత పూర్తిగా ఉంటే ఘ, మ. తెగి ఉంటే ధ, భ. ఈ ఒక్క గుర్తు చెప్తే సగం తప్పులు పోతాయి. తెలుగులో లాగా పొట్టి ఎ, ఒ హిందీలో లేవని కూడా చెప్పండి.

లెక్కల్లో పది ఎక్కాల వరకు, రెండంకెల సంఖ్యతో భాగహారం చూసుకోండి. ఆరో తరగతిలో గ.సా.భా., క.సా.గు. తొందరగానే వస్తాయి. ఎక్కాలు రాని పిల్లకు పద్ధతి అర్థమైనా లెక్క తెగదు, దాంతో ‘నాకు లెక్కలు రావు’ అని మనసులో పడిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. ముందు తెలుగు పేజీ చదివించి, తర్వాత ఇంగ్లిష్ పేజీలో అవే మాటలు వెతికించండి. అనువాదం బట్టీ పట్టించొద్దు.

పాపకు పడే అసలు దెబ్బ వేరే ఉంది. ఊరి బడిలో పొద్దంతా ఒకరిద్దరు టీచర్లే. ఇంటిపని ఎంత ఇచ్చారో వాళ్లకు గుర్తుంటుంది. హైస్కూల్‌లో గంట కొట్టినప్పుడల్లా సారు మారుతాడు, ఎవరి పని వాళ్లు ఇస్తారు, ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియదు. అందుకని చిన్న నోట్‌బుక్ ఒకటి వేరుగా పెట్టి, ఏ పీరియడ్‌లో ఏం ఇచ్చారో ఆ పీరియడ్ అయ్యేలోపే రాసుకోవడం నేర్పండి. టైంటేబుల్ గోడకు అంటించి, రాత్రే సంచి సర్దించండి. సర్దని పిల్ల అన్ని పుస్తకాలూ మోస్తుంది, లేదంటే కావలసింది ఇంట్లో మరిచిపోతుంది.

బస్సులో ఒకట్రెండుసార్లు వెంట పోయి రండి. సాయంత్రం బస్సు తప్పితే ఎక్కడ ఆగాలె, ఎవరికి ఫోన్ చేయాలె అన్నది ముందే తేల్చుకోండి. ఆర్టీసీలో ఆడపిల్లలకు ఉచితమే గానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలె. ఇంకో మాట, తల్లులే అడగాల్సింది: బడిలో మరుగుదొడ్డికి పోతున్నదా? పోవడం ఇష్టంలేక చాలామంది ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. తలనొప్పి, మూత్రంలో మంట అక్కడే మొదలవుతాయి. ఈ వయసుకు సంచి అడుగున ఒక ప్యాడ్, ఒక జత లోబట్టలు పెట్టి, ఎందుకో చెప్పి ఉంచండి.

మొదటి ఎఫ్ఏలో (బడిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షలో) ఇరవైకి పదో పన్నెండో వస్తే తిట్టకండి. మూడో వారంలో క్లాస్ టీచర్‌ను కలిసి, ఎవరి పక్కన కూచుంటున్నది, ఏ సబ్జెక్టు నోట్స్ ఖాళీగా ఉన్నాయి అని అడగండి. పాప ఎట్లున్నదో మార్కుల కన్నా ఈ రెండే ముందు చెప్తాయి.

ప్రశ్న: మేం పుణెలో పనికి పోయి, సంక్రాంతి తర్వాత ఊరికి వచ్చినం. బాబు నాలుగో తరగతి. అక్కడి బడి టీసీ ఇంకా ఇయ్యలేదు. ఇక్కడ చేర్చుకుంటారా?
– మద్దూరు మండలం, నారాయణపేట జిల్లా

జవాబు: చేర్చుకోవాలె. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఆ భరోసా ఇస్తుంది. టీసీ ఆలస్యమైందని గానీ, వయసు రుజువు లేదని గానీ సర్కారు బడి కాదనకూడదు. టీసీ తర్వాత తెచ్చివ్వండి. చదువు వెనకబడిందని కింది తరగతిలో వేయించకండి. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, తప్పిపోయిన పాఠాలకు విడిగా చెప్పమని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మా బాబుకు గురుకులంలో (హాస్టల్‌తో ఉండే సర్కారు బడిలో) ఐదో తరగతి సీటు వచ్చింది. పదేండ్ల పిల్లగాణ్ని ఎట్ల పంపుతరని వాళ్ల నాయనమ్మ ఒప్పుకోవడం లేదు.
– అచ్చంపేట

జవాబు: మన తెలంగాణలో సర్వేలు అనే ఊళ్లో గురుకులం 1971లోనే మొదలైంది. ఇది కొత్త సంగతి కాదని నాయనమ్మకు చెప్పండి. ఆమె భయం మాత్రం ఉత్తది కాదు. అందుకే పంపే ముందు పదిహేను రోజులు ఇంట్లోనే అలవాటు చేయండి: తన బట్టలు తనే ఉతుక్కోవాలె, తిన్న ప్లేటు కడుక్కోవాలె, ఒక్కడే పడుకోవాలె. ప్రతి వస్తువు మీద పేరు కుట్టండి. తువ్వాలు, దువ్వెన ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి. హాస్టల్‌లో గజ్జి ఒంటికి ఒళ్లు తగిలి, ఒకరి తువ్వాలు, పక్కబట్టలు ఇంకొకరు వాడి అంటుతుంది. వేళ్ల సందుల్లో దురద వస్తే వెంటనే చెప్పాలె. ఒక్కడికే మందు రాస్తే పోదు, గదిలో పిల్లలందరికీ ఒకేసారి రాయాలె.

"ఏడిస్తే తీసుకొస్తం" అని మాత్రం మాటివ్వకండి. ఇచ్చారా, వాడు ఏడుపు ఆపడు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు చెప్పిన తేదీకే తిరిగి పంపాలె. ఒక్కసారి నాలుగు రోజులు ఎక్కువ ఉంచుకుంటే బెంగ మళ్లీ మొదటికొస్తుంది. మామూలు బెంగ మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది. కొత్తగా పక్క తడపడం, ఒంటిమీద దెబ్బలు, ఒకరి పేరు ఎత్తితే మాట ఆగిపోవడం కనబడితే ఆగొద్దు, అదేరోజు పోయి కలవండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098 బాబుకు కంఠతా రావాలె.

ప్రశ్న: మాది తండా. అంగన్‌వాడీ నుంచి పాప ఒకటో తరగతికి పోవాలె. ఇంట్లో లంబాడీ బంద్ చేసి తెలుగే మాట్లాడాల్నా?
– చందంపేట మండలం

జవాబు: వద్దు. ఇంటి భాషలో మాటలు బాగా వచ్చిన పిల్లకే కొత్త భాష తొందరగా వస్తుంది. మీరు నేర్పాల్సింది పది పదిహేను తెలుగు మాటలు: ఒంటికి పోతా, నీళ్లు తాగొస్తా, కడుపు నొస్తుంది, అర్థం కాలేదు. మొదటిది రాక బట్టలు తడుపుకున్న పిల్ల, నవ్వులకు జడిసి రెండో రోజు బడికి రానంటుంది. టీచర్‌కు కూడా మీ మాటలు కొన్ని చెప్పండి, యాడి, పాణి లాంటివి. సారు నోట ఒక్క లంబాడీ మాట విన్నా పిల్లకు బెదురు తగ్గుతుంది.

అంగన్‌వాడీలో మధ్యాహ్నం పడుకునే అలవాటు ఉంటుంది, బడిలో అది కుదరదు. మే నుంచే మధ్యాహ్నం నిద్ర కొంచెం కొంచెం తగ్గించి, రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకోబెట్టండి. పెన్సిల్ తొందర లేదు. ముందు పలక, బలపం, చింతగింజలు ఏరడం, మట్టి పిసకడం చాలు. వేళ్లలో పట్టు రాకముందే రాయిస్తే పిల్ల పిడికిలి బిగించి రాస్తుంది, ఆ అలవాటు మాన్పించడం కష్టం.