ఆస్ట్రేలియాలోని బెండిగోలో ఈస్టర్‌కు చైనా డ్రాగన్ ఎందుకు ఊరేగుతుంది?

ఆసుపత్రి వంటి సేవాసంస్థల విరాళాల కోసం 1871లో మొదలైన ఈస్టర్ జాతరలో అక్కడి చైనా వలసదారులు కూడా చేయి కలిపారు. డ్రాగన్ ఊరేగింపు అలా వచ్చినదే.

1850లలో బంగారం కోసం దక్షిణ చైనా నుంచి వేలమంది, బెండిగో ఉన్న విక్టోరియా ప్రాంతపు గనులకు చేరారు. బెండిగోను వాళ్లు 'దాయ్ గమ్ సాన్', అంటే పెద్ద బంగారు కొండ అన్నారు. ఓడలో వచ్చే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల పన్ను వేసిన బ్రిటిష్ కాలనీ ఆనాటి విక్టోరియా. అయినా ఊరి రోగుల కోసం వాళ్లు తమ పట్టుబట్టలతో, వాద్యాలతో వీధిలోకి వచ్చారు. ఎంత పెద్ద మనసు!

'లూంగ్' అనే డ్రాగన్‌నే చూడండి. వందేళ్ల కిందటే తెప్పించిన దాన్ని దశాబ్దాలపాటు ఊరేగించారు. అది పాతబడ్డాక 1970లో 'సన్ లూంగ్' అనే కొత్త డ్రాగన్ వచ్చింది. స్థానిక చైనా సంతతి పెద్ద రస్సెల్ జాక్ పట్టుదలతో 1991లో గోల్డెన్ డ్రాగన్ మ్యూజియం తెరుచుకుంది కాబట్టే లూంగ్ నేటికీ భద్రంగా ఉంది.

ఇది పర్యాటకుల కోసం ఈమధ్య పెట్టిన వేడుక అనో, చైనా కొత్త సంవత్సరపు ఊరేగింపు అనో చాలామంది అనుకుంటారు. రెండూ సరికాదు.