సైన్సు టీచర్ డేటా అనలిటిక్స్‌కి మారొచ్చా? రొయ్యల గుంటల దగ్గర నుంచి మారినవాడి మాట

ఒంగోలులో ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లుగా సైన్సు చెబుతున్నాను, డేటా అనలిటిక్స్‌లోకి మారాలంటే ఏ కోర్సులో చేరాలి, ఇప్పుడు కుదురుతుందా అని మీరు అడిగారు. కుదురుతుంది. కోర్సు సంగతి తర్వాత చెబుతాను.

నాది బీజెడ్‌సీ డిగ్రీ. నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట మండలంలో, గంగపట్నం వైపు, వనామి రకం రొయ్యల గుంటల దగ్గర ఏడేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. రోజుకి నాలుగు పూటలా మేత. వేసిన రెండు గంటలకి గుంటలో దించిన చెక్ ట్రే ఎత్తి ఎంత మిగిలిందో చూడాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని నిద్ర ఉండదు. గుంటకో నోటు పుస్తకం, అందులో ఏ రోజు ఎంత మేత వేశామో రాయాలి.

ఒక పంటలో ఆరు గుంటలకి నాలుగు బాగా వచ్చాయి. వాటిలో కిలో రొయ్యకి 1.4 కిలోల మేత పడితే, మిగతా రెండింట్లో 1.9 పట్టింది. ఒకే సీడ్, ఒకే ఫీడ్, ఒకే నీళ్లు. యజమాని సీడ్‌ని తిట్టారు, ఫీడ్ డీలరు వాతావరణం అన్నాడు. నాకు మనసొప్పలేదు. మా నాన్న టైగర్ రొయ్య వేసి 1995లో వైట్ స్పాట్ తెగులుతో నిండా మునిగారు. ఆ పంటలో ఏ రోజు ఏం జరిగిందో చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. అందుకని ఆరు పుస్తకాలూ ఇంటికి తెచ్చి ఎక్సెల్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

పదకొండు రాత్రులు పట్టింది. మొదటి రాత్రే తేదీలు తిరగబడ్డాయి. ఏప్రిల్ 3 అని నేను 3/4 కొడితే, అది మార్చి 4గా తీసుకుంది. పన్నెండో తారీఖు దాకా ఇదే వరస. పదమూడో నెల లేదు కాబట్టి 13 నుంచి తేదీగానే తీసుకోక, గడిలో ఎడమ పక్కకి జరిగి కూర్చున్నాయి. ఒక పుస్తకంలో కిలోలు, ఇంకోదాంట్లో బస్తాలు. బస్తా అంటే 25 కిలోలని నాకు తెలుసు, ఎక్సెల్‌కి తెలియదు.

అన్నీ సరిచేసి గ్రాఫ్ గీశాను. అమావాస్యకి, పౌర్ణమికి కాస్త అటూ ఇటూగా రొయ్య పొట్టు వదులుతుంది. ఆ రెండు మూడు రోజులు సరిగ్గా తినదు, ట్రేలో మేత మిగులుతుంది, మనం తగ్గిస్తాం. నాలుగు గుంటల గీతలూ అమావాస్య దగ్గర కిందికి వంగాయి. దెబ్బతిన్న రెండు గుంటల గీతలు మాత్రం వంగలేదు. ఇవాళ్టి మేతలోంచి నిన్నటి మేత తీసేసే కాలమ్ ఒకటి పెట్టాను. వరసగా ఐదు రోజులు సున్నా. 84, 84, 84. కిలో కూడా తేడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు గుంటలు చూసే కుర్రాడి నాన్న ఆ వారం నెల్లూరులో ఆసుపత్రిలో ఉన్నారు. వాడు పగలు అక్కడ, రాత్రి గుంట మీద. అడిగితే తల దించుకున్నాడు. "ట్రే ఎత్తలేదన్నా. నిన్నటి లెక్కే వేసి అదే రాశా." తినని మేత అడుగున కుళ్లి నేల నల్లబడింది. గుంటలు పాడయింది అక్కడే, నాకు ఏ అనుమానమూ లేదు. వాడిని ఏమీ అనలేదు. యజమానికి గ్రాఫ్ చూపించి, ఇంట్లో కష్టం వచ్చినవాడి బదులు ఇంకో మనిషిని పెట్టమన్నాను. తర్వాతి పంట నుంచి పెట్టారు.

అందుకే చెబుతున్నాను. ఎక్సెల్‌లో లెక్కల్ని గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్ వారంలో వస్తుంది, డేటాబేస్‌లోంచి లెక్కలు అడిగి తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్ రెండు మూడు నెలలు, గ్రాఫులు గీసే పవర్ బీఐ ఇంకో నెల. ఇవి ఎవరైనా నేర్చుకుంటారు. పుస్తకంలో అంకె ఎవరు రాస్తారో, ఎంత అలసటలో రాస్తారో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక కోర్సులు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. అరవై వేలు కట్టమన్నారు. మూడేళ్ల ఐటీ అనుభవం ఉన్నట్టు కాగితాలు వాళ్లే ఇస్తారట, నా ఏడేళ్ల అసలు అనుభవం మాత్రం రెజ్యూమేలోంచి తీసేయాలట! ఆ మాటకి ఇప్పటికీ కోపం వస్తుంది. ప్రాజెక్టు అంటే అందరి చేతా టైటానిక్ ప్రయాణికుల జాబితానే చేయిస్తారు. 1912లో మునిగిన ఓడ అది. టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాల్లో సీజన్‌లో బేళ్లకి రోజూ ధర పడుతుంది, చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు కదులుతున్నాయి. మన పిల్లలకి ఆ లెక్కలు ఎందుకు ఇవ్వరు?

నేను ఉద్యోగం మానకుండా ఏడాదిన్నర రాత్రిళ్లు నేర్చుకున్నాను. మైఎస్‌క్యూఎల్, పవర్ బీఐ డెస్క్‌టాప్ డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. చెన్నైలో ఇంటర్వ్యూకి వెళ్తే ఎస్‌క్యూఎల్‌లో చుట్టుపక్కల వరసల్ని చూసి లెక్క కట్టే విండో ఫంక్షన్ల గురించి అడిగారు. అందులో ల్యాగ్ అని ఒకటుంది, ముందు వరసలోని అంకెని తెచ్చి పక్కన పెడుతుంది. నేను ఎక్సెల్‌లో చేసిన తీసివేత అదే కదా అని ఆ 84 సంగతి చెప్పాను. ఇంగ్లీషు తడబడింది. అయినా పది నిమిషాలు రొయ్య పొట్టు వదలడం గురించే అడిగారు, ఉద్యోగం ఇచ్చారు. జీతం గుంటల దగ్గర వచ్చేదాని కంటే రెండు వేలే ఎక్కువ. చెన్నై అద్దెలతో మొదటి ఏడాది ఇంట్లో టెన్షన్ తప్పలేదు. దానికి సిద్ధపడండి.

మీ దగ్గర హాజరు పట్టీలున్నాయి, యూనిట్ టెస్ట్ మార్కులున్నాయి. ఫీజు గడువు దగ్గర పడితే ఏ పిల్లలు బడికి రారో మీకు తెలుసు, పట్టీలో 'ఆబ్సెంట్' అని మాత్రమే ఉంటుంది. హెడ్‌మాస్టర్ గారి అనుమతి తీసుకుని, పేర్లు వదిలేసి వరస నంబర్లతో ఒక ఏడాది పట్టీలు ఎక్కించండి. టైపు మొదలుపెట్టే ముందు మాత్రం కంప్యూటర్‌లో రీజియన్ సెట్టింగ్ ఇండియాకి మార్చుకోండి. నా పదకొండు రాత్రుల్లో రెండు ఆ తేదీలకే పోయాయి.