పాత కారు ఎక్కితే ఇంటిల్లిపాదికీ తలనొప్పి.. బీపీ గోళీ సంగతి తర్వాత, ముందు సైలెన్సర్ చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది నల్లగొండ. నాకు 57 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్ 40, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన గోళీ వాడుతున్నాను. మా నాన్న 1976లో కొన్న అంబాసిడర్ మార్క్ 3, పెట్రోల్ బండి, ఇంకా నేనే నడుపుతున్నాను. కార్తీక మాసంలో అమ్మను (78 ఏళ్లు, రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు), మా ఆవిడను ఎక్కించుకుని దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లాం. వంట సామాను ఎక్కువై డిక్కీ మూత పడకపోతే తాడుతో కట్టాం. చలిగా ఉందని అమ్మ అద్దాలు ఎక్కించమంది. మన్ననూరు దాటాక వెనక ఉన్న ఇద్దరికీ తలనొప్పి, వికారం, మా ఆవిడకు వాంతులు. అమ్మ ఛాతీ బరువుగా ఉందంది. నాకూ తల దిమ్ముగా అయింది. సత్రంలో ఉన్న రెండు రోజులు ఎవరికీ ఏమీ లేదు, తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే తంతు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్‌లో ముగ్గురికీ 98 చూపించింది. నా బీపీ 150/90. తెలిసిన ఆర్‌ఎంపీ అది ఘాట్ రోడ్డు వల్లేనని, నన్ను మాత్రం బీపీ గోళీ రెండు వేసుకోమన్నారు. సంక్రాంతి తర్వాత ఇదే బండిలో నాలుగేళ్ల మనవరాలితో కలిసి కన్యాకుమారి వెళ్లాలని మా కోరిక. గోళీ పెంచాలా?

జవాబు: గోళీ పెంచకండి. 150/90కి అంత తలనొప్పి రాదు. వచ్చిందనే అనుకున్నా మీ బీపీకి మీ ఆవిడ ఎందుకు వాంతి చేసుకుంటారు చెప్పండి. ముందు అమ్మగారి సంగతి చూడండి. ఛాతీ బరువు తగ్గిపోయింది కదా అని ఊరుకోకుండా ఈ వారంలోనే ఈసీజీ తీయించి, స్టెంట్ వేసిన డాక్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పండి, కారులో ఉన్నప్పుడే వచ్చిందని కూడా చెప్పండి, ఆ మాట వాళ్లకు చాలా అవసరం.

ఇక అసలు విషయం. మీరు మాట వరసకు రాసిన ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను, డిక్కీ మూత తాడుతో కట్టామన్నారే, అక్కడ. నడిచే కారు వెనక గాలి సుడి తిరుగుతుంది, సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చే పొగ ఆ సుడిలో పడి వెనకే తిరుగుతూ ఉంటుంది. డిక్కీ నోరు తెరుచుకుని ఉంటే ఆ పొగంతా అందులోకి, అక్కడి నుంచి వెనక సీటు సందుల్లోంచి లోపలికి. అద్దాలు ఎక్కించారు కాబట్టి బయటికి పోయే దారి లేదు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొగలోని విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మీ బండి నాటికి లేదు, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాతకాలపు కార్బ్యురేటర్ ఉన్న బండి, కొత్త కార్లతో పోలిస్తే ఈ గ్యాస్ చాలా ఎక్కువ వదులుతుంది. ఘాట్‌లో రెండో గేర్‌లో మెల్లగా ఎక్కేటప్పుడు ఇంజిన్ పెట్రోల్ బాగా తాగుతుంది, బయట గాలి మాత్రం తక్కువ తగులుతుంది.

ఉత్తరం చూసి నూటికి నూరు పాళ్లు ఇదేనని చెప్పలేను గానీ, లక్షణాలు సరిగ్గా అతుకుతున్నాయి. బండిలో అందరికీ ఒకేసారి రావడం, వెనక వాళ్లకు ఎక్కువ కావడం, దిగితే పోవడం, ఎక్కితే మళ్లీ రావడం. ఘాట్ మలుపులకు వాంతులు రావడం మామూలే, కాదనను. కానీ స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఆ బాధ దాదాపు ఉండదు, మీకు కూడా తల దిమ్మెక్కింది.

ఆక్సీమీటర్ 98 చూపించిందంటారా, అది ఇక్కడ పనికిరాదు. ఈ గ్యాస్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, వేలికి పెట్టుకునే ఆ మిషన్‌కు రెండింటికీ తేడా తెలియదు, గ్యాస్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. పోనీ ఇప్పుడు రక్తపరీక్ష చేయిద్దామా అంటే ఏమీ దొరకదు, మామూలు గాలి పీల్చుకుంటూ ఉంటే నాలుగైదు గంటలకు సగం, మరో నాలుగైదు గంటలకు అందులో సగం చొప్పున దిగిపోతుంది. చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని ప్రాణం మీదికి తెచ్చుకునేది కూడా ఈ గ్యాస్‌తోనే.

నాకు ఈ అనుమానం పుస్తకాల వల్లే రాలేదు. చిన్నప్పుడు మా మేనమామ ఫియట్‌లో జడ్చర్ల నుంచి కర్నూలు పెళ్లికి పోతుంటే పిల్లలం నలుగురం వెనక సీట్లో వాంతులే వాంతులు. ఎండ దెబ్బ అన్నారు, దిష్టి అన్నారు, ఒకరు నా జేబులో నిమ్మకాయ కూడా పెట్టారు. తర్వాత మెకానిక్ వెనక సీటు ఎత్తి చూస్తే కింద రేకు తుప్పు పట్టి అరచేయంత కన్నం, దాని కిందే సైలెన్సర్ పైపు పగిలి ఉంది. డాల్డా డబ్బా కోసి ఆ రేకుతో మూశాడు, వచ్చేటప్పుడు ఒక్కరికీ వాంతి కాలేదు. మీరు మాత్రం డబ్బా రేకుతో సరిపెట్టకండి.

మెకానిక్‌కు బండి ఇచ్చేటప్పుడు ఊరికే సర్వీసింగ్ అనకుండా మూడు పనులు విడమరిచి చెప్పండి. ఇంజిన్ దగ్గర మానిఫోల్డ్ గ్యాస్కెట్ నుంచి చివరి గొట్టం దాకా ఎక్కడైనా లీకు ఉందేమో చూడమనండి, అలాంటి చోట నల్లగా మసి గుర్తు ఉంటుంది, కొన్నిసార్లు టపటపమని చప్పుడు కూడా వస్తుంది. మ్యాట్లు, వెనక సీటు తీసి ఫ్లోర్ అంతా చూడమనండి, పెడళ్లు, వైర్లు దూరే కన్నాల దగ్గర రబ్బర్లు, డిక్కీ మూత చుట్టూ ఉండే బీడింగ్ ఎండిపోయి ఉంటే మార్చమనండి. నల్ల పొగ వస్తుంటే కార్బ్యురేటర్ ట్యూనింగ్. ఇవన్నీ అయ్యాక కూడా నంబర్ చూపించే కార్బన్ మోనాక్సైడ్ మీటర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొని వెనక సీట్లో పెట్టండి. అలారం మాత్రమే మోగే రకం వద్దు, ఇళ్ల కోసం చేసినవి చాలాసేపు ఆగి గానీ మోగవు. డిక్కీ ఇక ఎప్పుడూ పూర్తిగా మూసే ఉండాలి, మిగిలిన సామాను పైన క్యారియర్ మీద వేయండి. షెడ్డు తలుపు వేసి ఇంజిన్ వేడి చేసే అలవాటు ఉంటే అదీ మానండి.

దారిలో మళ్లీ తల పట్టేసినట్టయితే టీ హోటల్ వచ్చేదాకా ఆగొద్దు. బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, అందరూ దిగి దూరంగా నిలబడండి. ఎవరైనా సోలిపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి అన్నా 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో ‘కారు పొగ పీల్చారేమో’ అన్న మాట మీరే ముందు చెప్పండి, చెప్పకపోతే చాలామంది ఆలోచన అటు పోదు.

మిగతావి గబగబా చెప్తాను. మనవరాలిని ముందు సీటు పొడుగ్గా ఉంది కదా అని ఒళ్లో కూర్చోబెట్టొద్దు. వెనక బెల్టులు లేకపోతే బాడీకి గట్టిగా బోల్టు వేయించి పెట్టించండి, పిల్ల సీటు దానికే కట్టాలి. గ్లిమిపిరైడ్ ఉన్న గోళీ వేసుకుని టిఫిన్ ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది. బండి తీసేముందు ఒకసారి, తర్వాత రెండు గంటలకోసారి చూసుకోండి, 90 లోపు ఉంటే ఏదైనా తిన్నాకే స్టీరింగ్ పట్టాలి, 70 కంటే పడితే గ్లూకోజ్ తాగి, మామూలు స్థాయికి వచ్చాక ఇంకో 45 నిమిషాలు ఆగాలి. వాంతుల గోళీ నడిపేవాళ్లు వేసుకోకూడదు, నిద్ర వస్తుంది. ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు, క్లచ్ గట్టిది, మోకాలు, నడుము రెండూ మాట్లాడతాయి, రెండు గంటలకోసారి దిగి పది నిమిషాలు నడవండి. అమ్మగారిని కూడా నడిపించండి, ఆమె కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అదే మంచి మందు.

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్లి మొదటిరోజు కర్నూలులో ఆగితే చాలు, 1,200 కిలోమీటర్ల పైనే ఉంది, తొందరేం లేదు. అంతకంటే ముందు మీటర్ పెట్టుకుని, అద్దాలు దించి, మీరూ ఇంకొకరూ మాత్రం దేవరకొండ దాకా వెళ్లి రండి. వచ్చేటప్పుడు కాసేపు అద్దాలు ఎక్కించి మీటర్ వైపు చూడమనండి, సున్నా దగ్గర నుంచి నంబర్ లేచిందంటే వెంటనే అద్దాలు దించేసి నేరుగా మళ్లీ మెకానిక్ దగ్గరికే పోనివ్వండి. ఆ నంబర్ లేవకుండా ఉన్న రోజే అమ్మగారిని, పాపను ఎక్కించండి, అది కూడా గుండె డాక్టర్ సరేనంటేనే.