కొత్త ముద్రణపై కాపీరైట్ ప్రకటన ఉంటే ‘కన్యాశుల్కం’ వాడుకోకూడదా?

వాడుకోవచ్చు, పుస్తకం లోపలి పుటలో కనిపించే ఆ ప్రకటన కొత్తగా చేరిన పీఠికకూ, వివరణలకూ, బొమ్మలకూ వర్తిస్తుంది గాని నాటక మూలానికి కాదు. 1957 నాటి చట్టం ప్రకారం రచయిత జీవించినంత కాలమూ, మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటూ హక్కు ఉంటుంది. గురజాడ 1915లోనే కన్నుమూశారు కనుక ఆయన రచనలపై అది ఎప్పుడో తీరిపోయింది. విజయనగరంలో ఒక నాటక బృందం గిరీశం మాటలను కరపత్రంపై అచ్చువేయదలిస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు, పుస్తకంలో అదే పుట అడుగున సంపాదకుడు ఇటీవల రాసిన వివరణను యథాతథంగా ఎత్తి వేస్తే మాత్రం కావాలి. రచయిత పేరు, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య ఇస్తే చాలునని చాలామంది అనుకుంటారు గాని, మూలం చెప్పడం వేరు, అనుమతి వేరు. సమీక్షకో విమర్శకో కొద్ది వాక్యాలు ఉటంకించడం వంటి సందర్భాల్లోనే మొదటిది సరిపోతుంది.