డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: లాయరు ఫీజు దండగా?

ప్రశ్న: సార్, మాది రేణిగుంట. మా తమ్ముడు టాక్సీ తోలుతాడు. స్టేషన్ నుంచి కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి ట్రిప్పులు. నెలకు అన్నీ పోను 20 వేలు మిగిలితే గొప్ప. ఈమధ్య ఫ్రెండు పెళ్లి రిసెప్షన్‌కు సొంత బైకు మీద పోయి, తిరిగి వస్తూ కరకంబాడి రోడ్డులో పోలీసులకు దొరికాడు. ఊదిస్తే 84 చూపించింది. ఎవరినీ గుద్దలేదు, పోలీసులతో గొడవా పెట్టుకోలేదు. ఇదే మొదటిసారి. లైసెన్సు తీసేసుకున్నారు, కోర్టుకు రమ్మన్నారు. ఒక లాయరు 25 వేలు ఇస్తే కేసు కొట్టేయిస్తానంటున్నాడు. ఇంకొకాయన 5 వేలు అడిగాడు గానీ, కొట్టేయించడం అయ్యే పని కాదని ముందే చెప్పేశాడు. టీ అంగట్లో మాత్రం లాయరెందుకురా, పోయి ఒప్పుకుని పది వేలు కట్టేసి రా అంటున్నారు. ఎవరి మాట వినేది?

జవాబు: ఐదు వేలు అడిగినాయన దగ్గరికి వెళ్లండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే.

టీ అంగడి మాటలో సగం నిజముంది. ఇది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కేసు. 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మీవాడిది 84. అదే 32, 33 దగ్గర ఆగి ఉంటే మిషన్ సరిగ్గా పనిచేసిందా, స్లిప్పులో టైము సరిగ్గా ఉందా అని వాదించడంలో అర్థముంది, 84 పెట్టుకుని అదే వాదన చేయించడానికి డబ్బు పోయడం శుద్ధ దండగ. 2019 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారైతే 15,000, జైలు రెండేళ్ల దాకా. హెల్మెట్ చలానాలాగా ఫోన్లో కట్టేసి ఊరుకునే రకం కాదిది, కోర్టు గుమ్మం ఎక్కాల్సిందే. నేరం రుజువైతే మామూలుగా ఆ పది వేలు లాయరు ఉన్నా కట్టాలి, లేకున్నా కట్టాలి, అందుకే ఫీజునూ జరిమానానూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు లాయరు అనవసరం అనిపిస్తుంది.

కానీ మీ తమ్ముడికి అసలు దెబ్బ జరిమానా కాదు, లైసెన్సు. టీ అంగట్లో చెప్పని సగం ఇదే. 185 కింద శిక్ష పడితే కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుడని కూడా కోర్టు ఆదేశించాలని అదే చట్టంలో 20వ సెక్షన్ చెబుతుంది. మీరు చెప్పిన 20 వేల లెక్కన ఆరు నెలలంటే 1,20,000 రూపాయలు. ఇప్పుడు ఆ 5 వేల ఫీజును ఈ లెక్క పక్కన పెట్టండి. బైకు మీద కదా దొరికింది, టాక్సీకేం సంబంధం అనుకుంటారేమో, బైకుకూ కారుకూ లైసెన్సు ఒక్కటే కాబట్టి రెండూ ఆగిపోతాయి. అయితే అదే 20వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని చాలామంది అడగరు కూడా: అనర్హత అన్ని రకాల బండ్లకూ వెయ్యొచ్చు, లేదా ఫలానా రకం బండికి మాత్రమే వెయ్యొచ్చు. తాగి నడిపింది టూవీలరు, గుద్దింది లేదు, మొదటి తప్పు, ఇల్లు గడిచేది టాక్సీ మీద, కాబట్టి అనర్హతను టూవీలరు వరకే పరిమితం చేయండి అని కాగితం మీద రాసి అడగాలి. జడ్జిగారు ఒప్పుకుంటారన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. కానీ మీ తమ్ముడు ఒక్కడే పోయి బోనులో నిలబడితే, తప్పయిపోయింది సార్ అనడం తప్ప ఈ మాట నోట్లోంచి వస్తుందా? పైగా జడ్జిగారు తలుచుకుంటే కొన్ని రోజులు లోపలికీ పంపొచ్చు, తెలుగు రాష్ట్రాల్లో అలా వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలింపుతోనో, మంచి ప్రవర్తన బాండుతోనో వదిలిపెట్టమని కూడా లాయరు అడగొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం కోర్టు ఇష్టం. మీరు ఫీజు ఇచ్చేది ఇలాంటి అడగడాలకే, కేసు మాయం చేయడానికి కాదు.

ఇంకో సంగతి. కోర్టులో పని అయిపోతే కథ అయిపోయినట్టు కాదు. పోలీసులు తీసుకున్న లైసెన్సు ఆర్టీఓ దగ్గరికి వెళ్తుంది, అక్కడ మొదటిసారికి మూడు నెలలు సస్పెన్షన్, రెండోసారికి ఏకంగా రద్దు. అయితే ఆ ఉత్తర్వు ఇచ్చే ముందు మీవాడి మాట వినాలి. నోటీసు వస్తే భయపడి బీరువాలో దాచెయ్యకుండా వెళ్లి సంజాయిషీ ఇవ్వండి, ఉత్తర్వు వచ్చాక కూడా అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది. లాయరును ముందే అడగండి, ఆ 5 వేలల్లో ఆర్టీఓ పని ఉందా లేదా అని. చాలాసార్లు ఉండదు. గుమాస్తా ఖర్చులు, కాగితాల ఖర్చులు వేరేగా అడుగుతారా, మొత్తం కలిపి మాట్లాడిందా వాయిదాకు ఇంతనా, వాయిదా రోజు ఆయనే వస్తారా జూనియర్‌ను పంపుతారా, ఇవన్నీ వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి. మొహమాటపడితే తర్వాత అది మీ జేబుకే.

ఇక 25 వేలాయన. కొట్టేయిస్తానని మాటిచ్చే లాయరు దగ్గర నాకైతే ముందు అనుమానమే వస్తుంది. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే కుదరదు. అందులో కొంత ఎవరికో ఇవ్వాలి అని గొంతు తగ్గించి చెబితే లేచి వచ్చేయండి, అది ఫీజు కాదు, ఇంకో కేసుకు పెట్టుబడి. మీ వార్డు లీడరుతో ఫోన్ చేయిస్తే అయిపోతుందనే సలహా కూడా ఎవరో ఇచ్చే ఉంటారు. రీడింగ్ స్లిప్పు వచ్చేశాక ఆ ఫోను ఎవరికి చేస్తారు?

చివరిగా, లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదు పారేయొద్దు. దానిమీద ఏ తేదీ దాకా రాశారో లాయరుకు చూపించి, ఆయన సరే అన్నాకే టాక్సీ స్టీరింగ్ పట్టమనండి. అనర్హత ఉత్తర్వు వచ్చాక బండి నడిపి దొరికితే అది ఇదే చట్టం 182వ సెక్షన్ కింద వేరే నేరం, దానికి మళ్లీ ఇంకో 10,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది.

ప్రశ్న: నాది చిత్తూరు, ఉద్యోగం బెంగళూరులో. పండక్కి వచ్చినప్పుడు ఇలాగే కేసైంది. సమన్లు వచ్చాయి గానీ సెలవు దొరకడం లేదు. వెళ్లకుండా ఊరుకుంటే ఏమవుతుంది? దీనికోసం లాయరు పెట్టాలా?

జవాబు: ఊరుకుంటే వారంట్ వస్తుంది. పది వేలతో పోయేది కాస్తా అరెస్టు, జామీను, రెండు ఊళ్ల మధ్య తిరుగుడు అవుతుంది. ముందు సమన్లు పూర్తిగా చదవండి. ఇలాంటి చిన్న కేసుల్లో లాయరు ద్వారా హాజరు కావచ్చని సమన్లలోనే రాసే వీలు చట్టంలో ఉంది. అలా రాసి ఉంటే చిత్తూరు కోర్టులోనే ఒక లాయరుకు వకాలత్ ఇవ్వండి, లేకపోతే ఆ రోజుకు గైర్హాజరు పిటిషన్ వేయించి ఇంకో తేదీ తీసుకుని ఆ తేదీకి మాత్రం తప్పకుండా రండి. బెంగళూరు లాయరును పెట్టుకోవద్దు, ఆయన రానూపోనూ ఖర్చు కూడా మీ నెత్తినే.

ప్రశ్న: మా అబ్బాయి కూలికి పోతాడు. ఇదే కేసులో ఇరుక్కున్నాడు. ఫీజు ఇచ్చే స్తోమత లేదు. ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారంట కదా, నా పేరు మీద అడగొచ్చా? (ఒక తల్లి, తిరుపతి)

జవాబు: మీ పేరు మీద కుదరదమ్మా, కేసు ఎవరి మీద ఉందో వాళ్లే అడగాలి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ లాయరును ఇస్తుంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంటుంది, కూలి చేసుకునే మీ అబ్బాయి చాలావరకు దాని లోపలే ఉంటాడు. తిరుపతి కోర్టు ఆవరణలోనే న్యాయసేవా కమిటీ ఉంటుంది, ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, కేసు కాగితం పట్టుకుని మీ అబ్బాయినే వెళ్లమనండి. వెళ్లే ముందు 15100 నంబరుకు ఫోన్ చేసి ఇంకేం కాగితాలు కావాలో అడిగితే ఒక తిరుగుడు తప్పుతుంది. ఆ లాయరుకు మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు, ఎవరైనా అడిగితే ఆ కమిటీకే ఫిర్యాదు చేయండి. జరిమానా పడితే అది మాత్రం మీరే కట్టుకోవాలి.